ఎడమ తుంటి

ఆరో అంతస్తుకి చేరేసరికి కాగితం తడిసింది.

నలభై ఏడో నంబరు మోడల్.
పావురం మెడ రంగు సూటు.
మొస్యో వాల్బ్రే ఎప్పటిలాగే ముఖం వేయలేదు,
పాదాలూ వేయలేదు.
టోపీ కింద ఖాళీ, స్కర్టు కింద ఖాళీ.
మధ్యలో పిడికెడు నడుముతో ఒక మనిషి
ఎవరికోసమో ఆగినట్టూ, ఆగనట్టూ.

కోటుకి కుంచె ఒక్క విసురు.
స్కర్టుకి మూడు.
ఆయనకి రంగు ఆరేంత సేపు పని,
మాకు నూట ముప్పై గంటలు.
ఫిర్యాదు కాదు.
ఆ ఒక్క విసురు కోసం ఎన్నేళ్ళు చెయ్యి అరగదీశాడో
నేనేమైనా లెక్కపెట్టానా?

మూలన రెండు గుండుసూదులతో గుచ్చిన ఉన్ని ముక్క
తడికి గొర్రె వాసన వేస్తోంది.

తెచ్చింది ఫాన్షెట్. పదిహేనేళ్ళ పిల్ల,
కెంపెర్ నుంచి వచ్చి మూడు నెలలు కాలేదు.
నేల మీది సూదులు అయస్కాంతంతో ఏరడం,
మెట్లు ఎక్కడం దిగడం
దాని ఉద్యోగం.
నవంబరు వానలో ముంగిలి దాటి పరిగెత్తుకొచ్చింది.
జుట్టు కొసనుంచి జారిన బొట్టు
బొమ్మ తుంటి మీద పడి
నీలం కరిగి, బూడిద కరిగి
అంచుదాకా పాకింది.

"ఏమైందే?" అన్నాను.
నీళ్ళు నమిలింది.
జడలోంచి ఇంకా కారుతూనే ఉన్నాయి నీళ్ళు.
పద్దెనిమిది సూదులు ఆగాయి.

కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాను.
యుద్ధం అయిపోయి ఏడేళ్ళు,
బొగ్గు లెక్కపెట్టుకునే అలవాటు మాత్రం పోలేదు,
పొయ్యి సగమే వెలుగుతోంది.
జింకు కప్పుల మీంచి వచ్చిన ఆ పల్చటి వెలుతుర్లో
మరక కాసేపు మరకలాగే ఉంది.
తర్వాత
నిలబడితే మూసుకుని, నడిస్తే తెరుచుకునే
మడతలా కనిపించింది.
ఎందుకలా కనిపించిందో చెప్పలేను.
పిల్ల ముక్కు ఎర్రబడడం చూసిన కళ్ళే కదా
దాన్నీ చూసింది.

బొమ్మలో మనకి కుడి అంటే
తొడుక్కున్నవాళ్ళకి ఎడమ.
ఈ లెక్క తప్పే, కొత్తలో, ఒక కోటు పాడుచేసి ఏడ్చాను.

ముందు ముతక నూలుగుడ్డ మీద కత్తిరించాను.
ఎడమ కుట్టు విప్పి
ఒక్క ఛాయ ముదురు పలక లోపల దాచాను.
కుదరలేదు. విప్పాను. మళ్ళీ కచ్చాకుట్టు, మళ్ళీ విప్పడం.
గిలెన్ నడుము పొద్దున యాభై రెండు,
భోజనమయ్యాక యాభై నాలుగు.
బొమ్మకి ఆకలి వేయదు, దానికెప్పుడూ ఒకటే కొలత.

మూడో రోజు ఆయన వచ్చాడు.
తెల్ల అంగీ, చెవి వెనక పెన్సిలు.
గిలెన్‌ని నడవమన్నాడు. ఇంకోసారి నడవమన్నాడు.
కాగితం తీసి
మరక మీద బొటనవేలు పెట్టాడు.
"ఇది నేను వేయలేదు, మదాం లెయోంతిన్."

తడిగుడ్డ మీద ఇస్త్రీపెట్టె బుస్సుమంది.
బల్లకింద ఫాన్షెట్ సూదులు ఏరుతోంది,
జుట్టుని రుమాలులో బిగించి కట్టి.
అంత బిగించి ఎవరూ కట్టుకోరు.

"కుడివైపు కూడా తీస్తారా?" అన్నాడు ఆఖరికి.

"లేదు. వాన ఎడమవైపే పడింది."

నోరు జారాను.
ఆయన బల్లకిందికి చూడలేదు.
చూడకుండా ఉండడానికి కాస్త కష్టపడ్డాడనే అనుకుంటాను.
పెన్సిలు తీసి అంచున
గొలుసుకట్టు రాతలో రెండే మాటలు రాశాడు:
ఎడమ. వాన.

సూటు లీల్ నుంచి వచ్చిన ఒక మిల్లు యజమాని భార్య కొంది.
నడుము దగ్గర నాలుగు వేళ్ళు వదులు చేయించుకుంది.
తర్వాత చిమ్మెటలు తిన్నాయో,
మనవరాలు కత్తిరించి దిండు కుట్టుకుందో.
ఫాన్షెట్ వేసవిలో వెళ్ళిపోయింది,
ఉత్తరం రాస్తానంది. దానికి రాయడం రాదని
నాకూ తెలుసు, తనకీ తెలుసు.

ఇప్పుడు సూదిలో దారం ఎక్కించాలంటే
కింది వాటాలో కుర్రాణ్ణి పిలవాలి.
వాన పట్టేముందు తుంటి లాగుతుంది.
ఎడమదే.